ఈమెయిలునకును పరపతి కావలయును

ఉత్తరమును పంపుట వేరు, అది చేరుట వేరు. తపాలా ఉత్తరము విషయమున ఈ భేదము మనకు అంతగా కనబడదు. చిరునామా సరిగా వ్రాసి, తగిన తపాలా బిళ్ళ నంటించి, డబ్బాలో వేసిన చాలును. వ్రాసినవాడు మంచివాడా, చెడ్డవాడా యని తపాలా బంట్రోతు విచారింపడు. ఈమెయిలు పద్ధతి అట్టిది కాదు. లేఖను అందుకొనెడి యంత్రము తలుపు తీయుటకు ముందే, "దీనిని పంపినవారెవరు? ఇంతకుముందు వీరి నడవడి యెట్టిది?" అని విచారించును. ఆ విచారణలో తేలెడి మంచి పేరునకే పంపువారి పరపతి యని పేరు. అంగడిలో అరువు పుట్టుటకు పరపతి యెట్లు కావలయునో, ఈమెయిలు చేరుటకును అట్లే కావలయును. ఈ పరపతి యెట్లు కలుగును, ఎట్లు పోవును, దానిని కనిపెట్టుకొని యుండుట యెట్లు అను మూడు సంగతులను ఈ పాఠమున తెలిసికొందము.

ఇది మన కేల?

విద్యార్థులారా! ఇది పెద్ద వ్యాపార సంస్థలకు మాత్రమే సంబంధించిన విషయమని తలపవలదు. నేడు పాఠశాలలు పరీక్షల తేదీలను, విద్యార్థి వేతనముల గడువులను, ప్రవేశముల ప్రకటనలను తల్లిదండ్రులకు ఈమెయిలు ద్వారా పంపుచున్నవి. హోసూరు నందైనను, బళ్ళారి యందైనను, బరంపురము నందైనను, మన తెలుగువారు నివసించెడి చోట కచేరీ గోడపై అంటించెడి ప్రకటన సాధారణముగా ఆ రాష్ట్రభాషలో నుండును. ఆ లిపి చదువనేరని తల్లికి, పనికై దూరదేశమున నున్న తండ్రికి, మాతృభాషలో పాఠశాల వ్రాసిన లేఖయే ఆధారము. ఆ లేఖ స్పామ్ పెట్టెలో పడిపోయినచో పాఠశాలవారు "పంపితిమి" అందురు; తల్లిదండ్రులు "మాకు రాలేదు" అందురు. ఇరువురు చెప్పినదియు సత్యమే. నడుమ గడువు దాటిపోవును. నష్టపోవువాడు విద్యార్థి.

పూర్వచరిత్ర

1971 వ సంవత్సరమున అమెరికా దేశమందు రే టామ్లిన్‌సన్ అను ఇంజనీరు, ఆర్పానెట్ అను కంప్యూటరుల వలలో ఒక యంత్రమునుండి వేరొక యంత్రమునకు లేఖను పంపెను. మనుష్యుని పేరునకును యంత్రము పేరునకును నడుమ "ఎట్" గుర్తు నుంచినవాడు ఈతడే. 1978 వ సంవత్సరము మే 3 వ తేదీన గ్యారీ థ్యుయెర్క్ అను కంప్యూటరుల విక్రయోద్యోగి, తన సంస్థ సరకునుగూర్చిన ప్రకటనను అదే వలలోని సుమారు 400 మందికి ఒక్కమారే పంపెను. వారెవ్వరును దానిని కోరియుండలేదు. కోరకుండ వచ్చిపడెడి ఇట్టి లేఖలకు పిమ్మట స్పామ్ అను పేరు స్థిరపడెను.

1982 వ సంవత్సరమున జాన్ పోస్టెల్ అను పండితుడు ఈమెయిలు పంపు నియమములను ఎస్.ఎం.టి.పి. అను పేర గ్రంథస్థము చేసెను. ఆ కాలమున వలను ఉపయోగించువారు కొలదిమంది, ఒకరినొకరు ఎరిగినవారు. కావున "పంపినవారు" అను చోట వ్రాసిన పేరు నిజమైనదా యని పరీక్షించు ఏర్పాటు ఆ నియమములలో లేకపోయెను. ఎవరైనను ఎవరి పేరైనను వ్రాయవచ్చును. పైగా లక్ష లేఖలు పంపుటకు వ్యయము స్వల్పము. వానిని దాచుటకు, ఏరి పారవేయుటకు అగు శ్రమ అంతయు అందుకొనువారిది. ఈ రెండు కారణములచేత ప్రజలు పెరిగినకొలది దుర్వినియోగమును పెరిగినది.

దీనికి విరుగుడుగా 1997 వ సంవత్సరమున పాల్ విక్సీ, డేవ్ ర్యాండ్ అను ఇరువురు, స్పామ్ పంపెడి యంత్రముల సంఖ్యలను జాబితాగా కూర్చి, ఇతరులు చూచుకొనుటకు వీలుగా ప్రకటించిరి. వారి సంస్థకు మ్యాప్స్ అని పేరు. ఆంగ్లలిపిలో స్పామ్ అను మాటను వెనుకనుండి వ్రాసినచో ఆ పేరగును. మరుసటి యేడు, అనగా 1998 లో, స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హౌస్ సంస్థను, జూలియన్ హైట్ స్పామ్‌కాప్ సంస్థను నెలకొల్పిరి. ఈ జాబితాలనే నల్లజాబితాలు అందురు.

నల్లజాబితా పనిచేయు విధము

ఇంటర్నెట్టుతో సంబంధముగల ప్రతి యంత్రమునకు ఐ.పి. సంఖ్య అను ఒక గుర్తు ఉండును. పాఠములలో ఉదాహరణకై ప్రత్యేకించి యుంచిన 192.0.2.99 అను సంఖ్యను తీసికొందము. ఈ సంఖ్యగల యంత్రము ఒక లేఖను తెచ్చి వేరొక సర్వరు తలుపు తట్టినదనుకొనుడు. అందుకొనెడి సర్వరు ఆ సంఖ్యలోని నాలుగు భాగములను తలక్రిందు చేసి 99.2.0.192 అని వ్రాసి, దాని చివర నల్లజాబితా పేరును తగిలించి, డి.ఎన్.ఎస్. అను పేరుల పట్టికను ప్రశ్నించును. "అట్టి పేరు లేదు" అని జవాబు వచ్చినచో ఆ సంఖ్య జాబితాలో లేదని అర్థము. 127.0.0.2 వంటి జవాబు వచ్చినచో జాబితాలో ఉన్నదని అర్థము. ఈ ప్రశ్నోత్తరములు సాధారణముగా సెకనులో కొంతభాగమునందే ముగియును.

జాబితాలన్నియు ఒకే విధమైనవి కావు. స్పామ్‌హౌస్ వారి జాబితాలనే చూడుడు. ఎస్.బి.ఎల్. అనునది స్పామ్ పంపువారివని విచారణలో తేలిన సంఖ్యలది. ఎక్స్.బి.ఎల్. అనునది వైరసు సోకియో, దొంగల చేతబడియో, యజమానికి తెలియకయే స్పామ్ పంపుచున్న యంత్రములది. పి.బి.ఎల్. అనునది ఇండ్లకిచ్చెడి సాధారణ కనెక్షనుల సంఖ్యలది. వానినుండి లేఖలు నేరుగా ఇతర సర్వరులకు పోరాదు, సేవాసంస్థవారి సర్వరు ద్వారా పోవలెను అను నియమమునకై అది యేర్పడినది. ఇందు సంఖ్య యుండుట నేరారోపణ కాదు. డి.బి.ఎల్. అనునది సంఖ్యలకు గాక డొమైను పేరులకు సంబంధించినది. కావున "నల్లజాబితాలో పడితిమి" అని వినగానే "ఏ జాబితాలో? ఏ కారణమున?" అని మొదట అడుగవలెను.

జాబితాకు మించిన పరపతి

నల్లజాబితాలో పేరు లేకుండుట మాత్రమే చాలదు. జీమెయిలు, యాహూ, ఔట్‌లుక్ వంటి పెద్ద సేవలు ప్రతి పంపువారిని గూర్చి తమ సొంత లెక్కను వ్రాసికొనును. ఆ లెక్కలో ముఖ్యముగా చూడబడునవి ఐదు.

మొదటిది ఫిర్యాదులు. లేఖ నందుకొన్నవారు "స్పామ్" అను మీట నొక్కినపుడెల్ల పంపినవారి ఖాతాలో ఒక మచ్చ పడును. రెండవది లేని చిరునామాలు. పలుమారులు లేని చిరునామాలకు వ్రాయువాడు వానిని న్యాయముగా సేకరింపలేదని యంత్రము అనుమానించును. మూడవది ఉచ్చు చిరునామాలు. ఇవి ఏ మనుష్యునివియు కావు. ఎవరును తమదని ఇచ్చినవియు కావు. కొన్ని, ఎన్నడో విడిచిపెట్టబడి తరువాత ఉచ్చులుగా మార్చబడినవి. అట్టిదానికి లేఖ పోయెనన్న, పంపువారి పట్టిక కొన్నదో, దొంగిలించినదో, ఏండ్ల తరబడి శుభ్రము చేయనిదో అయి యుండవలెను. నాలుగవది హఠాత్తుగా పెరిగిన సంఖ్య. దినమునకు పది లేఖలు వ్రాయువారు ఒకనాడు పదివేలు వ్రాసినచో ఎవరికైనను సందేహము కలుగును. ఐదవది గుర్తింపు, దీనిని విడిగా చెప్పవలసియున్నది.

ఫిర్యాదులకు గూగుల్ సంస్థ ఒక కొలత నేర్పరచినది. 2024 ఫిబ్రవరినుండి అమలునకు వచ్చిన నియమముల ప్రకారము ఫిర్యాదుల పాలు నూటికి 0.3 ను చేరరాదు, 0.1 కంటె తక్కువగా నుంచుకొనుట మేలు. జీమెయిలు చిరునామాలకు దినమునకు 5000 కు మించి లేఖలు పంపువారు, ఇకపై వలదనువారు ఒక్క మీటతో తమ పేరును తీసివేసికొను వీలును కూడ ప్రచార లేఖలయందు కల్పింపవలెను. యాహూ సంస్థయు అదే కాలమున ఇట్టి నియమములను పెట్టినది. 2025 మే నెలనుండి మైక్రోసాఫ్టు సంస్థయు తన ఔట్‌లుక్ సేవకు దినమునకు 5000 కు మించి పంపువారికి గుర్తింపు నియమములను విధించినది.

ఈ కొలతను మన లెక్కలోనికి తెచ్చుకొందము. ఒక పాఠశాల 800 మందికి లేఖ పంపినదనుకొనుడు. అందరివియు జీమెయిలు చిరునామాలే; అన్నియు ఇన్‌బాక్సునకు చేరినవి. 800 లో నూటికి 0.3 వంతు 2.4. అనగా ముగ్గురు "స్పామ్" మీట నొక్కిన చాలును, హద్దు దాటినట్లే. ఆ ముగ్గురును దుష్టులు కానక్కరలేదు. పిల్లవాడు చదువు ముగించి మూడేండ్లైనను లేఖలు మానకుండ వచ్చుటచేత విసిగిన తండ్రులై యుండవచ్చును. పాత పట్టికను శుభ్రము చేయకపోవుటవలన కలిగెడి కీడు, చూచితిరా, ఎంత మెల్లగా వచ్చునో!

గుర్తింపు పత్రములు

"పంపినవారు" అను చోట ఎవరి పేరైనను వ్రాయవచ్చునని పైన చెప్పితిమి. ఈ లోపమును తీర్చుటకు మూడు ఏర్పాటులు తరువాతి కాలమున వచ్చినవి. ఈ మూడింటిని డొమైను యజమాని డి.ఎన్.ఎస్. పట్టికయందు ప్రకటించును.

ఎస్.పి.ఎఫ్. అనునది "మా పేరున లేఖలు తెచ్చుటకు అధికారముగల సర్వరులు ఇవి" అని చెప్పెడి పట్టిక. డి.కె.ఐ.ఎం. అనునది లేఖపై వేసెడి ముద్ర. పంపెడి సర్వరు తన రహస్యపు తాళముతో ముద్ర వేయును. అందుకొనెడి సర్వరు, అందరికిని తెలియ ప్రకటింపబడిన వేరొక తాళముతో దానిని పరీక్షించును. దారిలో ముద్ర కిందనున్న భాగమును ఎవరైనను మార్చినచో ముద్ర చెల్లదు. డీమార్క్ అనునది "పై రెండు పరీక్షలలో ఒక్కదానియందైనను మా పేరునకు సరిపడనిచో ఆ లేఖ నేమి చేయవలెను" అని అందుకొనువారికి వ్రాసిన సూచన. ఊరక గమనింపుడు, ప్రక్కకు నెట్టుడు, త్రోసివేయుడు అని అందు మూడు మెట్లు గలవు. తమ డొమైను పేరున ఎచ్చటెచ్చటినుండి లేఖలు వచ్చుచున్నవో తెలిపెడి నివేదికలను కూడ దీని మూలముగా తెప్పించుకొనవచ్చును.

గుర్తింపు పత్రము మంచితనమునకు సాక్ష్యము కాదని మరువరాదు. స్పామ్ పంపువాడును ముద్ర వేయగలడు. అయినను, పంపినవారు ఎవరో స్థిరపడినగాని వారి మంచిచెడ్డలను లెక్క వేయుట సాధ్యము కాదు. పేరు లేనివానికి పరపతి యెక్కడిది?

కావలి కాయు విధము

పరపతి ఒక్కనాడు కలుగదు. పోవుటకు మాత్రము ఒక్క రాత్రి చాలును. ఒక గుమాస్తా సంకేతపదమును దొంగ తెలిసికొన్నచో, తెల్లవారునప్పటికి పాఠశాల పేరున వేలకొలది స్పామ్ లేఖలు పోయి యుండవచ్చును. కావున కావలి నిత్యము ఉండవలెను. అందుకు చేయవలసిన పనులు కష్టమైనవి కావు.

తిరిగివచ్చిన జాబులను చదువుట అన్నిటికంటె ముఖ్యము. లేఖను స్వీకరించినచో అందుకొనెడి సర్వరు 250 అను సంఖ్యతో బదులు చెప్పును. 4 తో మొదలైన సంఖ్య యిచ్చినచో "ఇప్పుడు కాదు, తరువాత రమ్ము" అని భావము. 5 తో మొదలైనచో "తీసికొనము" అని భావము. ఆ జాబులోనే కారణము, నల్లజాబితా పేరు వ్రాసియుండుట కలదు. దానిని చదువకయే చెరిపివేయుట, వైద్యుడు వ్రాసిచ్చిన చీటిని చింపివేయుట వంటిది.

రెండవది, తమ సర్వరు సంఖ్యను, డొమైను పేరును వారమున కొకమారైనను ముఖ్యమైన జాబితాలలో చూచుకొనుట. మూడవది, గూగుల్ వారి పోస్ట్‌మాస్టర్ టూల్స్, మైక్రోసాఫ్టు వారి ఎస్.ఎన్.డి.ఎస్. అను సాధనములందు ఫిర్యాదుల లెక్కను గమనించుట. తక్కువ సంఖ్యలో పంపువారికి ఈ లెక్కలు కనబడకపోవచ్చును. అట్టివారికి తిరిగివచ్చిన జాబులే దిక్కు. నాలుగవది, డీమార్క్ నివేదికలలో తమకు తెలియని యంత్రము తమ పేరున లేఖలు పంపుచున్నదేమో చూచుట.

జాబితాలను చూచునపుడు రెండు జాగ్రత్తలు వలయును. బహిరంగముగా అందరు వాడెడి పెద్ద డి.ఎన్.ఎస్. సర్వరుల ద్వారా ప్రశ్నించినచో స్పామ్‌హౌస్ నుండి 127.255.255.254 అను జవాబు వచ్చును. అది "మీరు అడిగిన దారి సరికాదు" అని చెప్పుటయే గాని, జాబితాలో ఉన్నారని చెప్పుట కాదు. ఇక రెండవది, జాబితాలకును ఆయువు గలదు. 2003 ఆగస్టులో ఒసిరుసాఫ్ట్ అను జాబితా మూతపడుచు, అడిగిన ప్రతి సంఖ్యయు నల్లజాబితాలో ఉన్నదనియే బదులు చెప్పెను. దానిని నమ్మియున్న సర్వరులు మంచి లేఖలను సైతము త్రోసివేసినవి. చిరకాలము పనిచేసిన సార్బ్స్ అను జాబితాయు 2024 జూన్ నెలలో మూతపడినది. కావున పాత పుస్తకమున చూచిన జాబితా నేడును సజీవముగా నున్నదో లేదో విచారించి మరి వాడవలెను.

జాబితాలో పడినచో

తొందరపడి "మా పేరు తీసివేయుడు" అని మొరపెట్టుకొనుట పొరపాటు. గాయములో ముల్లుండగా పైన మందు పూసిన ప్రయోజనమేమి? మొదట కారణమును కనుగొనవలెను. యంత్రమునకు వైరసు సోకినదా? సంకేతపదము దొంగల పాలైనదా? పట్టికలో పాత చిరునామాలు పేరుకొన్నవా? లేక ఒకే సర్వరును పలువురు పంచుకొనుటచేత పొరుగువాని తప్పు మనకు తగిలినదా? ఈ చివరి సందర్భమున ఆ సర్వరు నడుపు సంస్థవారికి తెలుపవలెను. కారణమును తొలగించిన పిమ్మటనే విన్నపము చేయవలెను. స్పామ్‌కాప్ జాబితాలోని సంఖ్య, ఫిర్యాదులు నిలిచిన సుమారు 24 గంటలకు దానంతట అదే తొలగును. స్పామ్‌హౌస్ వారు పేరు తొలగించుటకు రుసుము పుచ్చుకొనరు. కావున వారి పేరు చెప్పి "డబ్బు చెల్లించిన జాబితానుండి తప్పింతుము" అనువారిని నమ్మరాదు. కారణము తీరకుండ పేరు తీయించుకొన్నవారు మరల జాబితా కెక్కుదురు. రెండవమారు వారి మాటను వినువారు తక్కువ.

పేరు తొలగినంతనే పూర్వపు పరపతి తిరిగి రాదు. కొన్నాళ్ళపాటు, లేఖలను తప్పక చదువువారికి మాత్రము, కొద్దికొద్దిగా పంపుచు, సంఖ్యను క్రమముగా పెంచవలెను.

తల్లిదండ్రులకును విద్యార్థులకును

ఈ పనిలో పాఠశాల పాత్ర ఎంతయో, లేఖ నందుకొనువారి పాత్రయు అంతయే కలదు. పాఠశాలకు చిరునామా యిచ్చునపుడు అక్షరము తప్పకుండ వ్రాయుడు. ఒక్క అక్షరము మారిన అది లేని చిరునామా యగును. చిరునామా మారినపుడు తెలియజేయుడు. వారమున కొకమారు స్పామ్ పెట్టెను తెరచి చూడుడు. అందు పాఠశాల లేఖ కనబడినచో "ఇది స్పామ్ కాదు" అను మీటను నొక్కుడు. ఆ చిన్న పని పాఠశాల పక్షమున మీరిచ్చెడి సాక్ష్యము. పాఠశాల చిరునామాను మీ పరిచయస్థుల పట్టికలో చేర్చుకొనుడు. లేఖలు ఇక వలదనుకొన్నచో "స్పామ్" మీట నొక్కక, పట్టికనుండి పేరు తీసివేయుడని కోరుడు. మీరు విసుగున నొక్కిన మీటవలన, మరియొక తల్లికి చేరవలసిన పరీక్ష తేదీ చేరకపోవచ్చును.

విద్యార్థులారా! ఇంటిలో పెద్దలకు ఈమెయిలు చూచుట అలవాటు లేనిచో ఆ పని మీరు చేసి, లేఖను చదివి వినిపింపుడు. కోరినవారికే వ్రాయుట, నిజమైన పేరుతో వ్రాయుట, వలదన్నపుడు మానుట, తిరిగివచ్చిన జాబును చదివి తప్పు దిద్దుకొనుట — ఈ నాలుగు నియమములను పాటించు పాఠశాల లేఖకు చేరు దారి చాలవరకు సుగమమగును. చేరెడి లేఖ యందే మన భాషకును, మన పిల్లల గడువులకును రక్ష యున్నది.

ప్రశ్నలు

1. తపాలా ఉత్తరమునకును ఈమెయిలునకును చేరుటలో గల భేదమేమి?
2. 192.0.2.45 అను సంఖ్యను నల్లజాబితాలో ప్రశ్నించునపుడు ఎట్లు తలక్రిందు చేయవలెను?
3. పి.బి.ఎల్. జాబితాలో సంఖ్య యుండుట నేరారోపణ కాదనుటకు కారణమేమి?
4. ఒక పాఠశాల 1200 మందికి లేఖ పంపినది. అన్నియు ఇన్‌బాక్సునకు చేరినవనుకొని, ఎన్ని ఫిర్యాదులు వచ్చినచో నూటికి 0.3 అను హద్దు దాటునో లెక్క కట్టుము.
5. మీ యింటిలోని ఈమెయిలు స్పామ్ పెట్టెను పెద్దల సమ్మతితో తెరచి చూచి, అందు పడియున్న మంచి లేఖ లెవ్వియో వ్రాసికొని రమ్ము.